కేకలు వేయకపోవడానికి కారణం

ఆ కోర్టు భవనం రెండో అంతస్తులోని మూడో హాలుకు ఎవరిని పంపినా మూడేళ్లకు మించి అక్కడ ఉంచకూడదని నియమం ఉంది. నాలుగు గోడల మధ్య జరిగే హింస కేసులన్నీ ఆ హాలుకే వస్తాయి. రోజూ అవే వింటూ సిబ్బంది మనసు చెడిపోకూడదని ఎవరో మంచి బుద్ధితోనే ఆ నియమం రాశారు. దాని ప్రకారం జడ్జీలు మారారు, బంట్రోతులు మారారు, మొరాయిస్తున్న ఫ్యాను కూడా మారింది. స్టెనో మాత్రం ఏడో ఏడు సైతం అదే కుర్చీలో కూర్చుంది. ఆమె పనిలో తప్పులు దొర్లకపోవడమే అందుకు కారణం. తప్పులు చేసేవాళ్లను ఎక్కడికైనా పంపుతారు. చేయనివాళ్లను ఎవరు వదులుకుంటారు?

అక్కడి పని తీరు ఇది. సాక్షి బోనులో నిలబడి తనకొచ్చిన మాటల్లో చెబుతుంది. జడ్జిగారు విని, కేసుకు అవసరం లేదనుకున్నది పక్కన పెట్టి, మిగిలినదాన్ని "నేను" అంటూ సాక్షి చెబుతున్నట్టుగానే ఒక వాక్యంగా పేర్చి పైకి చెబుతారు. ఆ వాక్యాన్ని స్టెనో కంప్యూటరులో కొడుతుంది. సాక్షి పావుగంట సేపు తడబడుతూ చెప్పింది కాగితం మీద ఒకటిన్నర పంక్తి కావచ్చు. చివర్లో ప్రతి పేజీ అడుగున సాక్షి సంతకం పెడుతుంది. ఆ తర్వాత లోకంలో ఎవరు అడిగినా, ఆమె చెప్పింది ఆ ఒకటిన్నర పంక్తే.

ఇన్నేళ్లుగా స్టెనో నెట్టుకురావడం వెనక ఒక కిటుకు ఉంది. ఆమె సాక్షిని వినదు. సాక్షి గొంతు ఆమెకు కిటికీ బయట వాన చప్పుడు లాంటిది, కురుస్తుంది, ఆగుతుంది. జడ్జిగారి గొంతు మొదలయ్యేసరికి వేళ్లు వాటంతటవే కదులుతాయి. ఆ వేళ్లకూ మనసుకూ మధ్య ఆమె ఎప్పుడో తలుపు మూసేసింది. వేళ్లు ఎవరి ఎముక విరిగిందో కొడుతుంటే, మనసు కూతురి బడి సంచికి తెగిన జిప్పు గురించి ఆలోచించేది. అందుకే బెంచి గుమస్తా ఆమెకు టేపమ్మ అని పేరు పెట్టాడు. రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న మనిషి, నోరు ఊరుకోదు.

"ఏం టేపమ్మా, పొద్దున్న బోనెక్కినావిడ ఏం చెప్పిందో ఒక్క ముక్క చెప్పు చూద్దాం."

"ఎవరన్నయ్యా? పొద్దున్న ఎవరైనా వచ్చారా?"

"వచ్చారా అంటుంది చూడు! పదకొండు పేజీలు కొట్టావు తల్లీ. నీ చేతులకి వేరే జీతం ఇవ్వాలి, నీకు వేరే ఇవ్వాలి."

మూసిన తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయని మాత్రం ఆమెకు కిందటి ఏడాది దాకా తెలియలేదు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. పెద్దగా నవ్వడం కూడా రాని మెత్తటి మనిషి. ఒక సాయంత్రం ఏదో పానా కనబడక వంటింటి సొరుగును విసురుగా తోశాడు. ఆ చప్పుడైన తర్వాతి నిమిషం ఆమెకు గుర్తు లేదు. తెలివొచ్చేసరికి స్నానాల గదిలో ఉంది. లోపల గడియ పెట్టి ఉంది. వీపు వెనక గోడకు ఆనించి కూతుర్ని దాచి ఉంచింది. పిల్ల మెల్లగా అడుగుతోంది: "అమ్మా, ఎవరొచ్చారు?" తలుపు అవతల నుంచి భర్త అడుగుతున్నాడు: "ఏమైందే? నేనేమన్నానే?"

ఆయన ఏమీ అనలేదు. ఆ మాటే ఆమెను ఎక్కువగా భయపెట్టింది.

మర్నాడే బదిలీకి అర్జీ పెట్టింది. కింది అంతస్తులో నకళ్ల విభాగం ఉంది. అక్కడ కాగితాన్ని కాగితంతో సరిచూసి ముద్ర వేస్తారు, కాగితాలు ఏడవవు. ఆమె కోరిందల్లా ఆ విభాగంలో ఒక కుర్చీ. నియమం ప్రకారం నాలుగేళ్ల కిందటే అది ఆమెకు రావాలి. అర్జీ ఒకటి తప్పిపోయింది, ఒకటి తిరిగొచ్చింది, మూడోది పరిశీలనలో ఉందన్నారు. నాలుగోది పట్టుకుని ఆమె పరిపాలనాధికారి ముందు నిలబడింది.

"మీరు లేకపోతే ఆ హాలు నడుస్తుందా అమ్మా? మీరే చెప్పండి."

"నేను నడవలేకపోతున్నానండి. ఇంట్లో చిన్న చప్పుడైనా..."

"ఒత్తిడి. తెలుసు. నాకు లేదా ఒత్తిడి?" ఆయన బల్ల మీది సర్క్యులర్ ఆమె వైపు తిప్పాడు. "పై ఆఫీసు మన కోసమే పంపింది. మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ. ఎనిమిది వారాలు, బుధవారం భోజనం వేళ. శ్రద్ధగా వెళ్లండి. సర్టిఫికెట్ జత చేసి అర్జీ ఇవ్వండి. ఒత్తిడి ఉందనడానికి అదే రుజువు. నేనే పైకి పంపిస్తాను."

ఆయన నిజమే చెబుతున్నానని అనుకుని ఉండవచ్చు. ఆమె మాత్రం నమ్మింది.

శిక్షణ ఇచ్చే అమ్మాయి మెత్తగా మాట్లాడేది. కాళ్లు నేలకు ఆనించమనేది, ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం గమనించమనేది, వచ్చిన ఆలోచనను తరమకుండా, దాని మీద తీర్పు చెప్పకుండా చూసి వదిలేయమనేది.

"తీర్పు చెప్పకుండానా?" అన్నాడు బెంచి గుమస్తా మొదటి రోజే, కళ్లు మూసుకునే. "మా జడ్జిగారు వచ్చిన రోజు నుంచి చేస్తున్నది అదేనమ్మా. సర్టిఫికెట్ ముందు ఆయనకివ్వండి."

గది గొల్లుమంది. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

అందులో మేలు లేదని ఎవరైనా అంటే స్టెనో ఒప్పుకునేది కాదు. రెండో వారానికి గిన్నెలు కడిగేటప్పుడు వేడినీళ్లు మణికట్టు మీద జారడం ఆమెకు తెలిసింది. బస్సులో పక్క సీటు ముసలాయన దగ్గులో ఈల లాంటి సన్నని కూత వినబడింది. కూతురు లెక్కలు చేస్తూ పెదవులు కదుపుతుందని, తొమ్మిదేళ్ల పిల్లలో ఆ అలవాటు ఎన్నాళ్లుగా ఉందో తనకు తెలియదని గ్రహించి ఒక రాత్రి సిగ్గుపడింది. భర్త సొరుగు లాగబోతూ ముందుగా "లాగుతున్నా" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఊపిరి గమనించేది, వణుకు తగ్గేది. ఏడాదిలో మొదటిసారి ఇంట్లో అందరూ కలిసి ఒక సినిమా పూర్తిగా చూశారు.

నాలుగో వారం ఆమె చెయ్యెత్తింది.

"ఏది చేస్తున్నా పూర్తిగా దాని మీదే ధ్యాస పెట్టమంటున్నారు. నా పని వేరండీ. నేను వింటే తట్టుకోలేను. విననట్టు ఉంటేనే చేయగలుగుతున్నాను."

ఆ అమ్మాయి తన కుర్చీని ఆమె వైపు జరుపుకుంది. "విననట్టు ఉండటానికి మీ శక్తంతా ఖర్చయిపోతోందేమో. ఒకసారి తలుపు తెరిచి చూడండి. వచ్చినదాన్ని రానివ్వండి. గమనిస్తే అదే పోతుంది."

ఆ అమ్మాయికి మూడో హాలు ఎలా ఉంటుందో తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఎనిమిది కార్యాలయాలకు అదే పాఠం చెప్పమన్నారు, చెబుతోంది. బీమా ఆఫీసులో ఆ సలహా ఎవరికీ హాని చేసి ఉండదు.

ఆరో వారంలో ఇస్త్రీ దుకాణంలో పనిచేసే మనిషి బోనెక్కింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేదు. ప్రమాణం చేయడానికి చెయ్యెత్తమంటే సగం ఎత్తి, "ఇంతే లేస్తుందండి" అని క్షమాపణ అడుగుతున్నట్టు నవ్వింది. మొగుడు అవతలి వకీలు వెనక కూర్చుని ఉన్నాడు, బూట్ల వంక చూసుకుంటూ.

ఆ రోజు స్టెనోకు ఆమె గొంతు వాన చప్పుడులా వినబడలేదు. గొంతు గొంతులాగే వినబడింది. మాటల మధ్య ఆమె మింగే గుటక కూడా వినబడింది. స్టెనో నేర్చుకున్నట్టే పాదాలు నేలకు ఆనించింది, ఊపిరి గమనించింది. అది పోలేదు. ఇంకా దగ్గరికొచ్చింది.

"చెయ్యి విరిచినప్పుడు మీరు అరిచారా?" అని అడిగాడు ప్రభుత్వ వకీలు.

"అరవలేదండి. పక్క గదిలో పిల్ల చదువుకుంటోంది. పొద్దున్నే దానికి పరీక్ష. నేను అరిస్తే అది పరిగెత్తుకొస్తుంది, అడ్డం పడుతుంది, దానికీ తగులుతుంది. అందుకని కొంగు నోట్లో కుక్కుకున్నానండి."

జడ్జిగారు కళ్లజోడు సరిచేసుకున్నారు. ఆ రోజు జాబితాలో ఇంకా తొమ్మిది కేసులున్నాయి. "ఆ సమయంలో నేను కేకలు వేయలేదు," అని చెప్పి తర్వాతి ప్రశ్నకు తల ఊపారు.

స్టెనో వేళ్లు కదిలాయి. తెర మీద పడిన వాక్యం ఇది: "పక్క గదిలో నా కూతురు పరీక్షకు చదువుకుంటున్నందున, ఆమె అడ్డువచ్చి దెబ్బతింటుందన్న భయంతో ఆ సమయంలో నేను కేకలు వేయలేదు."

కావాలని చేసిందా అంటే ఆమె ప్రమాణం చేసి కూడా అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. విన్నది కొట్టింది. ఏడేళ్లలో ఆమె విన్నది అదొక్కటే. సాయంత్రం బెంచి గుమస్తా పేజీలు చదివి వినిపించినప్పుడు ఇస్త్రీ మనిషి ఆ వాక్యం దగ్గర తలెత్తి చూసింది. అంతవరకు విన్నదంతా ఎవరిదో కథలా ఉంది ఆమెకు. ఆ ఒక్కటీ తనది. గబగబా సంతకాలు పెట్టింది.

ఎనిమిదో వారం ముగిశాక ఒక ఫారం పంచారు. "శిక్షణ వల్ల మీ ఒత్తిడి ఎంత తగ్గింది?" అన్న ప్రశ్న కింద రెండే గడులున్నాయి: "తగ్గింది", "బాగా తగ్గింది". స్టెనో కలం పట్టుకుని కూర్చుండిపోయింది.

"మూడో గడి ఏదన్నయ్యా?"

"మూడో గడికి బడ్జెట్ రాలేదేమో. కొట్టేయమ్మా ఏదో ఒకటి. ఫారం ఇవ్వకపోతే సర్టిఫికెట్ ఇవ్వరట."

ఆమె "తగ్గింది" మీద టిక్కు పెట్టింది. సర్టిఫికెట్ తీసుకుని, నాలుగో అర్జీకి జత చేసి ఇచ్చి, రసీదు సంపాదించింది. ఆ నెలలో నకళ్ల విభాగంలో ఒకరు పదోన్నతి మీద వెళ్లిపోయారు. కుర్చీ నిజంగానే ఖాళీ అయింది. టీ తాగే వేళ కిందికి దిగి, తలుపు దగ్గర నిలబడి, ఆ కుర్చీని రెండుసార్లు చూసి వచ్చింది.

మూడు వారాల తర్వాత మొగుడి తరఫు వకీలు లేచాడు. అతని వాదనంతా ఆమె కేకలు వేయలేదన్న ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది: చెయ్యి విరుగుతుంటే అరవని మనిషి ఉంటుందా, ఇరుగుపొరుగు ఒక్కరూ వినలేదంటే అసలు జరిగిందా అని. నకలు తీసుకుని చూస్తే తన నోట్సులో లేని కారణం అందులో కనబడింది.

"సాక్షి ఏం చెప్పిందన్నది నా ప్రశ్న కాదండి," అన్నాడు చాలా మర్యాదగా. "కోర్టువారు చెప్పని వాక్యం రికార్డులోకి ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న. ఒకటి వచ్చిందంటే ఇంకెన్ని వచ్చాయో ఎవరికి తెలుసు?"

జడ్జిగారు కాగితం స్టెనో వైపు తిప్పారు. "ఇది నేను చెప్పానా అమ్మా?"

"లేదండి."

"మరి?"

"సాక్షి చెప్పిందండి."

ఆ మాట అబద్ధమని అవతలి వకీలు కూడా అనలేదు. ఆ రోజు అక్కడున్న అందరూ విన్నారు. విన్నారన్నది ఎక్కడా రాసి లేదు, అంతే.

"సాక్షి చెప్పినదాన్ని మీరు రాయకూడదమ్మా," అన్నారు జడ్జిగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది. "నేను చెప్పినదాన్నే రాయాలి." ఆ తర్వాత, ఏ అనుమానానికీ తావు ఉండకూడదు గనుక మొత్తం వాంగ్మూలం రద్దు చేసి, సాక్షిని మళ్లీ పిలిపించి మొదటి నుంచి విచారించాలని ఆదేశం చెప్పారు. ప్రభుత్వ వకీలు అభ్యంతరం లేదన్నాడు. ఆ ఆదేశాన్ని కొట్టింది కూడా స్టెనోయే. అక్షరం పొల్లుపోలేదు.

పరిపాలనాధికారి ఆమెను పిలిచి ఒకేసారి రెండు కాగితాలు ఇచ్చాడు. మొదటిది అర్జీ మీద నిర్ణయం: ఉద్యోగిని తన ఒత్తిడి తగ్గినట్టు స్వయంగా లిఖితపూర్వకంగా తెలిపినందున, ఒత్తిడి కారణంగా కోరిన బదిలీకి అవకాశం లేదు. రెండోది మెమో: ఏకాగ్రత పెంచే శిక్షణ ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించినా విధుల్లో నిర్లక్ష్యం చూపినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

ఆమె రెండూ చదివింది. మళ్లీ చదివింది.

"ఒత్తిడి తగ్గలేదంటే బదిలీ ఇవ్వాలి కదండీ. తగ్గిందంటే, మరి నేను..."

"రెండూ వేరే వేరే ఫైళ్లమ్మా," అన్నాడాయన. "దీన్ని తీసుకెళ్లి దాంట్లో పెడితే నా ఉద్యోగం పోతుంది."

"రెండు గడులే ఇచ్చారండి ఫారంలో."

"రెండింట్లో చిన్నదే పెట్టారుగా మీరు. 'బాగా తగ్గింది' అని పెట్టుంటే ఏం చేసేవాణ్ని? అదృష్టవంతులు." ఆయన నిజంగానే ఓదార్చడానికి చూశాడు. "పోనీ, వచ్చే ఏడు కూడా పెడుతున్నారట కోర్సు. మీ పేరు రాయమంటారా?"

ఆమె రెండు కాగితాలనూ ఒకదాంట్లో ఒకటి పెట్టి మడిచింది. అదే అంగీకారం అనుకుని ఆయన రాసుకున్నాడు.

మెట్ల దగ్గర శిక్షణ అమ్మాయి ఎదురైంది. ఏవో కాగితాల మీద సంతకాల కోసం వచ్చిందట. స్టెనో ఆమెను పక్కకు తీసుకెళ్లి, అంతా చెప్పకుండా, ఒక్కటే అడిగింది.

"మళ్లీ విననట్టు ఉండటం ఎలా వస్తుందండీ?"

"అంటే?"

"ఇదివరకు వచ్చేది నాకు. ఇప్పుడు మూసుకోవడం లేదు. నిన్న ఒకావిడ, మొన్న ఇద్దరు. అందరూ వినబడుతున్నారు. ఇంటికి కూడా వస్తున్నారు."

ఆ అమ్మాయి మొదటిసారి ఆ మెత్తదనం లేని గొంతుతో మాట్లాడింది. "మీరు రోజూ వినేది ఇలాంటిదని నాకు ఎవరూ చెప్పలేదండీ. మీకు కావలసింది ఈ కోర్సు కాదు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి మీరు, ముందు ఆ గదిలోంచి బయటికి రావాలి. నేను రాసిస్తాను, కావాలంటే."

"మీరు రాస్తే చెల్లుతుందా?"

అమ్మాయి నిజాయితీగా తల అడ్డంగా ఊపింది. ఎనిమిది వారాలకే ఒప్పందం. అది ముగిసిపోయింది. ఒక డాక్టరు నంబరు మాత్రం రాసిచ్చింది. స్టెనో ఫోను చేస్తే, కోర్టు పనివేళల్లోనే చూస్తారని, ఇప్పటికైతే రెండు నెలల తర్వాత రమ్మని చెప్పారు. ఆ రోజుకు సెలవు చీటీ పెట్టింది. హాలుకు మరో స్టెనో లేనందున అది ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఇస్త్రీ మనిషి మళ్లీ వచ్చింది. ఈసారి దుకాణం యజమాని సెలవు ఇవ్వనంటే జీతం కోయించుకుని వచ్చిందని బెంచి గుమస్తా చెప్పాడు. ఆ రోజు ఆయన ఏ జోకూ వేయలేదు. ఆమె జుట్టు నున్నగా దువ్వుకుంది. చెయ్యెత్తమంటే ఈసారి కుడి చెయ్యి ఎత్తింది. అవే ప్రశ్నలు అదే వరుసలో వచ్చాయి. స్టెనో పాదాలు నేలకు ఆనించి కూర్చుంది. తలుపు మూయడానికి ప్రయత్నించింది. జిప్పు గురించి, కిరాణా సరుకుల గురించి, వేటి గురించో ఆలోచించబోయింది. ప్రతి మాటా వచ్చి ఎదురుగా నిలబడింది.

తేడా ఏమిటంటే, ఈసారి ఆ మాటలు పొట్టిగా ఉన్నాయి. ఆమె ఏడవలేదు. ఎక్కడ ఏది జరిగిందో తేదీతో సహా చెప్పింది, ఆగింది, తర్వాతి ప్రశ్న కోసం చూసింది. జడ్జిగారికి పని తగ్గిపోయింది. చాలాచోట్ల ఆమె అన్నదాన్నే ఒక్క మాటా మార్చకుండా తిరిగి చెప్పారు.

"చెయ్యి విరిచినప్పుడు మీరు అరిచారా?"

"ఆ సమయంలో నేను కేకలు వేయలేదండి."

ప్రభుత్వ వకీలు పేజీ తిప్పాడు. స్టెనో వేళ్లు ఆ వాక్యం చివర ఆగాయి. ఎందుకు అని ఆయన అడగాలి. ఒక్క మాట. ఆమె అతని వంక చూసింది, జడ్జిగారి వంక చూసింది. చివరికి, ఎన్నడూ చేయని పని, బోను వంక చూసింది. ఇస్త్రీ మనిషి పెదవులు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి. ఆ హాల్లో ప్రశ్న అడిగే హక్కు జడ్జిగారికీ ఇద్దరు వకీళ్లకూ ఉంది. స్టెనో ఆ ముగ్గురిలో లేదు. అవతల, బూట్ల వంక చూసుకునే మనిషి మొదటిసారి తల ఎత్తాడు.

"తర్వాత ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారు?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

సాయంత్రం బెంచి గుమస్తా ఆరు పేజీలు చదివి వినిపించాడు. పోయినసారి పదకొండు ఉండేవి. అవన్నీ బల్ల మీద పరిచి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో చూపించడం స్టెనో పని. ఇస్త్రీ మనిషి వంగి, ఒక్కొక్కటే పెడుతూ, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఈసారి సరిగ్గా చెప్పానా అమ్మా? పోయినసారి ఎక్కువ మాట్లాడేశానట. నా వల్ల ఎవరికో మాట కూడా వచ్చిందట కదా. వకీలుగారు చెప్పారు, అడిగినంత వరకే చెప్పమని."

సాక్షితో కేసు గురించి సిబ్బంది మాట్లాడకూడదు. అది కూడా నియమమే, దాన్ని అందరూ పాటిస్తారు. స్టెనో గొంతు దాకా వచ్చినదాన్ని మింగింది. తన గుటక చప్పుడు తనకే వినబడింది.

"ఇక్కడ కూడా పెట్టాలి," అని నాలుగో పేజీ అడుగున వేలు పెట్టి చూపించింది.